ఇంట్లోనే పొట్ట డయాలసిస్: సంచిలో నీరు మసకగా వస్తే ఏం చేయాలి?

డయాలసిస్ అనగానే వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి యంత్రం పక్కన పడుకోవడమే చాలామందికి గుర్తొస్తుంది. ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఇంకోటి ఉంది. అదే పెరిటోనియల్ డయాలసిస్. పొట్టలో అమర్చిన మెత్తని గొట్టం ద్వారా ద్రవం ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి, వ్యర్థాలతో సహా బయటకు తీస్తారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో ఈ పద్ధతికి 2019లో మార్గదర్శకాలు వచ్చాయి. డయాలసిస్ కేంద్రం దూరంగా ఉన్న ఊళ్లవారికి ఇది అనుకూలం. అయితే ఇంట్లో పక్కన నర్సు ఉండరు. తేడా వస్తే ముందుగా గుర్తించాల్సింది మీరు, మీ ఇంట్లోవాళ్లే.

నీరు మసకగా ఉందని తెలిసేదెలా?

బయటకు వచ్చిన ద్రవం మామూలుగా లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. సంచిని న్యూస్ పేపర్ మీద పెట్టి చూడండి. అవతలి అక్షరాలు చదవగలిగితే సరే. బియ్యం కడిగిన నీళ్లలా ఉండి అక్షరాలు కనిపించకపోతే పొట్ట పొరకు ఇన్ఫెక్షన్ సోకినట్టే భావించాలి. దీన్నే పెరిటోనైటిస్ అంటారు. కడుపునొప్పి, జ్వరం, వాంతులు ఉండొచ్చు. కొందరికి నొప్పి ఉండదు, నీరు మాత్రమే మారుతుంది. ఇంకొందరికి నొప్పి ముందు వచ్చి, నీరు తర్వాత మారుతుంది. అందుకే రెండింటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలి. ‘రేపు చూద్దాం’ అనుకుంటే ప్రాణం మీదకు రావొచ్చు.

మసక నీటి సంచిని పారబోయొద్దు. దాన్ని వెంట తీసుకెళ్లండి. పరీక్షకు అదే ఆధారం.

డాక్టర్లు ఎలా నిర్ధారిస్తారు?

మూడు అంశాలు చూస్తారు. ఒకటి, కడుపునొప్పి లేదా మసక నీరు. రెండు, కనీసం రెండు గంటలు పొట్టలో ఉన్న ద్రవంలో మైక్రోలీటరుకు 100కు మించి తెల్లకణాలు ఉండి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ కావడం. మూడు, కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవి బయటపడటం. వీటిలో కనీసం రెండు ఉంటే పెరిటోనైటిస్‌గా నిర్ధారిస్తారు. కల్చర్ రిపోర్టు వచ్చేదాకా ఆగరు. నమూనా తీసిన వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఎక్కువగా ఆ మందును డయాలసిస్ ద్రవంలోనే కలిపి పొట్టలోకి పంపుతారు. సూక్ష్మజీవిని బట్టి రెండు, మూడు వారాలు వాడాల్సి ఉంటుంది. నీరు తేటపడిందని మధ్యలో మానేయొద్దు.

సరైన మందు ఇచ్చినా ఐదు రోజుల్లో నీరు తేటపడకపోతే గొట్టం తీసేయాల్సి రావొచ్చు. ఫంగస్ కారణమని తేలితే ఆలస్యం చేయకుండా తీసేస్తారు. అప్పుడు హీమోడయాలసిస్‌కు మారాలి. ‘గొట్టం పోతుంది’ అనే భయంతో ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేస్తే పొట్ట పొర శాశ్వతంగా దెబ్బతింటుంది.

గొట్టం దగ్గర చీము

గొట్టం బయటకు వచ్చే చోటును రోజూ చూసుకోండి. చీము కనిపిస్తే ఇన్ఫెక్షనే. ఎరుపు, నొప్పి, చర్మం కింద గొట్టం దారి వెంట వాపు ఉన్నా చూపించుకోవాలి. పసుపు, కొబ్బరినూనె, ఇంట్లో మిగిలిన ఆయింట్‌మెంట్లు రాయొద్దు. డాక్టర్ చెప్పిన మందే వాడాలి. గొట్టం చివర ఊడినా, నేలకు తగిలినా క్లాంప్ బిగించి, ద్రవం ఎక్కించకుండా మీ కేంద్రానికి ఫోన్ చేయండి.

నీరు సరిగా బయటకు రాకపోతే?

ముందుగా క్లాంప్ తెరిచి ఉందా, గొట్టం మెలిపడిందా చూడండి. పక్కకు తిరిగి పడుకోండి, లేచి నడవండి. తర్వాత అడగాల్సిన ప్రశ్న: విరేచనం ఎప్పుడైంది? మలబద్ధకం దీనికి చాలా సాధారణ కారణం. డాక్టర్ సూచించిన విరేచనాల మందుతోనే చాలామందికి సర్దుకుంటుంది. తెల్లని దారపు పోగుల్లాంటివి కనిపిస్తే ఆసుపత్రిలో హెపారిన్ కలుపుతారు. అప్పటికీ రాకపోతే గొట్టం కదిలిందేమోనని పొట్ట ఎక్స్‌రే తీస్తారు. ఇంట్లో సిరంజితో నెట్టే ప్రయత్నం చేయొద్దు.

వాపు, ఆయాసం, బలహీనత

రోజూ ఒకే సమయంలో బరువు, బీపీ, ఎక్కించిన నీరు, వచ్చిన నీరు పుస్తకంలో రాయండి. బరువు పెరుగుతూ కాళ్లు వాస్తుంటే ఒంట్లో నీరు నిలుస్తోందని అర్థం. ఉప్పు, నీళ్లు ఎక్కువ కావడం, గొట్టం సమస్య, పొట్ట పొర పనితీరు మారడం వంటివి కారణాలు కావొచ్చు. పొర పనితీరును నాలుగు గంటల పరీక్షతో అంచనా వేస్తారు. 1.5, 2.5, 4.25 శాతం సంచుల్లో గాఢమైనది మీ అంతట మీరు ఎంచుకోవద్దు. అందులో గ్లూకోజ్ ఎక్కువ, షుగర్ పెరుగుతుంది.

బొడ్డు దగ్గరో, గజ్జల్లోనో ఉబ్బు వస్తే హెర్నియా కావొచ్చు. అది గట్టిపడి నొప్పి పెడితే అత్యవసరం. ద్రవం ఎక్కించాక ఆయాసం పెరిగితే అది ఛాతీలోకి చేరిందేమో ఎక్స్‌రేతో చూడాలి. ఈ పద్ధతిలో పొటాషియం తగ్గి కండరాలు బలహీనపడటమూ ఉంటుంది. కానీ రక్తపరీక్ష లేకుండా కొబ్బరినీళ్లు మొదలుపెట్టొద్దు. ద్రవంతోపాటు ప్రోటీన్ కూడా పోతుంది కాబట్టి గుడ్లు, పప్పు ఎంత తినాలో డైటీషియన్‌ను అడగండి.

ఎవరిని సంప్రదించాలి?

మీకు శిక్షణ ఇచ్చిన డయాలసిస్ కేంద్రం నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. తీవ్రమైన నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే 108కు ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద చికిత్స పొందేవారు నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవాలి. సంచులతోపాటు ఇన్ఫెక్షన్ చికిత్స, గొట్టం మార్పిడి కూడా పథకంలోకి వస్తాయా అని ముందే అడిగి తెలుసుకోండి. వెళ్లేటప్పుడు మసక నీటి సంచి, రికార్డు పుస్తకం, వాడుతున్న మందుల చీటీ మరిచిపోవద్దు.