కోసిన చేనిలో మాటు

వేటలో ఆయుధముకంటె మాటు ముఖ్యము. పులికి మంచె, లేడికి పొద, చెరువు పక్షికి తుంగదడి, ఇట్లు పొంచియుండువానికి ప్రకృతియే కొంత సాయము చేయును. కాని చెట్టు, పుట్ట, పొద ఏదియు లేక నాలుగు దిక్కులును బయలుగా నుండు కోసిన చేనిలో, ఆకాశమునుండి క్రిందికి చూచు పక్షి కంటబడకుండ నిండు మనిషి దాగుట ఎట్లు? ఉత్తర అమెరికా బాతువేటకాండ్రు ఈ చిక్కును విడదీసిన తీరునకు ఒక చరిత్ర గలదు. అందు పనితనము ఉన్నది, దురాశయు ఉన్నది, శాసనమును ఉన్నది.

నీటిపక్షిని మోసగించుట ప్రాచీన విద్య. ఈజిప్టు దేశమున తీబ్సు నగరపు సమాధుల గోడలపై సుమారు 3400 ఏండ్లనాటి చిత్రములలో, రెల్లు చాటున నుండి వలత్రాడు లాగు జనులు కానవత్తురు. భారతదేశపు జలాశయములలో, చిల్లులు పెట్టిన కుండను తలపై బోర్లించుకొని మెడలోతు నీట మెల్లగా నడచి, బాతుల కాళ్ళు పట్టి లోనికి లాగు పద్ధతి ఉండెడిది. దానికైన ఖర్చు ఒక్క కుండ! అమెరికాలో నెవాడా రాష్ట్రపు లవ్‌లాక్ గుహయందు 1924లో జరిగిన త్రవ్వకములలో తుంగతో అల్లి రంగువేసిన బాతుబొమ్మలు పదకొండు దొరకినవి. వాని వయస్సు సుమారు 2000 సంవత్సరములు. తెలుగున దీమమని పిలుచునది ఇట్టిదే. కాకున్న తెలుగు వేటకాని దీమము ప్రాణమున్నది.

1836లో న్యూజెర్సీ తీరవాసియగు హేజెల్టన్ సీమన్ పండ్రెండు అడుగుల పడవ నొకదానిని కట్టెను. అది నీటిపై బల్లపరుపుగా నుండెడిది. పైన గడ్డి కప్పినచో తీరపు గడ్డిదుబ్బువలె కానవచ్చెడిది. దీనికంటె భయంకరమైనది చీసపీక్ అఖాతపు మునుగుపెట్టె. శవపేటికవంటి పెట్టె చుట్టును వెడల్పైన రెక్కలు అమర్చి నీటిపై తేల్చి, ఆ రెక్కలపై పోతయినుప బాతులను బరువుగా నిలిపి, పెట్టె అంచును నీటిమట్టమువరకు దించెడివారు. అందు వెల్లకిల పరుండినవాడు నీటిమట్టమునకు దిగువన నుండును. పైనుండి చూచు పక్షికి బొమ్మబాతుల గుంపు తప్ప మరేమియు తోచదు. ఇట్లు చంపిన పక్షులు పీపాలకెక్కి నగరముల భోజనశాలలకు పోయెడివి.

1918 నాటి వలసపక్షుల శాసనము ఈ వ్యాపారమును అడ్డుకొన్నది. 1930 తరువాత వచ్చిన అనావృష్టికి బాతులు గ్రుడ్లుపెట్టు మడుగులు ఎండిపోయెను. పక్షుల సంఖ్య మిక్కిలి తగ్గెను. 1935లో ప్రభుత్వము మునుగుపెట్టెను, ప్రాణమున్న దీమములను, ఎర గింజలు చల్లుటను ఒక్కసారిగా నిషేధించెను. తుపాకిలో మూడు తూటాలకు మించరాదనెను. ఆ పెట్టె నిషిద్ధమగుటకు కారణము దాని లోపము కాదు, దాని నేర్పు. పక్షిరక్షణకై శాసనము చేయుట అమెరికావారికి క్రొత్త కావచ్చును గాని, పట్టాభిషేకమైన 26 ఏండ్లకు అశోకుడు వేయించిన ఐదవ స్తంభశాసనపు అవధ్యప్రాణుల జాబితాలో చక్రవాకము, హంస చేరియున్నవి.

ఇక చేను. గింజకై బాతులు కోసిన పొలములలో వాలుననుట వరిసాగు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. తొలుత వేటకాండ్రు గోతులు త్రవ్విరి. గోతిలో నీరూరును, దున్నువానికి అడ్డు, పొలము పరులదైనచో అది ఎడతెగని తగాదా. టెక్సాసు తీరపు వరిపొలములలో మరియొక ఉపాయము పుట్టినది. అచట శీతకాలమున తెల్లని పెద్దబాతులు దిగును. కొయ్యకాళ్ళపై వందలకొలది తెల్లగుడ్డ ముక్కలు పరచి, వేటకాండ్రు తామును తెల్లచొక్కాలు తొడిగి ఆ గుడ్డలనడుమ పరుండెడివారు. మనిషియే దీమమైనాడన్నమాట. కాని తెల్లపక్షికి చెల్లిన ఎత్తు నల్లబాతులకు చెల్లదు.

అందుకే 20వ శతాబ్దము చివరికి నేలబారు మాటు ప్రబలినది. అంగళ్ళలో అమ్మునవి ఉన్నను, ఇంట కట్టుకొనువారు పెక్కుమంది. విద్యుత్తీగలు చొప్పించు సన్నని ఇనుపగొట్టములతో ఏడడుగుల చట్రము. తలవైపు ఎత్తు అడుగున్నరకు మించదు. దానిపై గోనె. నడుమ రెండు తలుపురెక్కలు. లేచి కూర్చుండగనే ఇరుప్రక్కలకు పడిపోవును. క్రొత్త గోనె మెరయును గనుక తడిమట్టి పూసి, ఆరినపిదప చీపురుతో దులుపుదురు. గోనెకు కుట్టిన పట్టీలలో గడ్డి దోపుదురు. ఆ గడ్డి ఆ చేనిదే కావలెను. మొక్కజొన్న మోళ్ళలో వరిగడ్డి కప్పినవాని శ్రమ వ్యర్థము.

పక్షికి తొలుత అనుమానము కలిగించునది రంగుకంటె నీడ. ప్రొద్దుటి ఏటవాలు ఎండకు అడుగున్నర ఎత్తు వస్తువునకును బారెడు నీడ పడును. కావున ప్రక్కలను వాలుగా అమర్చి, నేలను మూడు నాలుగు అంగుళములు చెక్కి, అంచులకు మట్టిగడ్డి ఎగద్రోయుదురు. నీడ పూర్తిగా పోదు. దానికి గీతగీసినట్టి అంచు లేకుండ చేయుటయే పని. పైకెత్తిన మనుష్యముఖము మరియొక శత్రువు. దానికి వలముసుగు. పక్షి గాలికి ఎదురుగా వాలును గనుక మాటుగాని తల గాలి వచ్చు దిక్కునకు, పాదములు గాలి పోవు దిక్కునకు ఉండవలెను. దీమములనడుమ పాదములకెదురుగా ఖాళీ విడువవలెను.

భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి శాసనమును, 1991 నాటి సవరణయు ఇట్టి వేటకు తావు లేకుండ చేసినవి. కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యమైనది. అమెరికాలో వేట సాగుచునే యున్నది గాని, దినమునకు ఇన్ని పక్షులని లెక్క గలదు. గింజ విషయమునను శాసనము మిక్కిలి నిశితమైనది. మామూలు కోతలో రాలిన గింజకై వచ్చిన బాతును కొట్టవచ్చును. వేటకై చల్లిన గింజపై వ్రాలినదానిని కొట్టరాదు. కోయని పంటను నిలువుననే నీటముంచి బాతులను రప్పించుట సమ్మతము. ఆ పంటనే పడగొట్టి నేలపై వదలి, దానిపై వేటాడుట నేరము.