‘తగినంత’ అనే మాట వెనుక

మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. పురుటికో ఆపరేషనుకో వెళ్ళి, నాలుగు రోజులు వుండి ఇంటికి వస్తాం. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. మంచాన పడిన వృద్ధులూ, మతి తప్పినవారూ, తమ పని తాము చేసుకోలేనివారూ నెలలూ యేళ్ళూ గడిపే చోటు అది. చాలామంది అక్కడే కన్ను మూస్తారు. అటువంటి చోట ఒక్కొక్క నర్సు యెంతమందిని చూడాలి? ఇది వైద్యశాఖ అధికారులు తేల్చుకోవలసిన చిన్న లెక్కగా పైకి కనిపిస్తుంది. నా వుద్దేశంలో ఇది శ్రమకూ లాభానికీ మధ్య జరుగుతున్న పోరాట చరిత్రలో ఒక అధ్యాయం. నేను భాషాసాహిత్యాలు చెప్పేవాణ్ణి గనుక, ఆ చరిత్రను ఒక మాట పట్టుకొని చెప్పదలిచాను. అమెరికా చట్టంలోని ఆ మాట ‘తగినంత’.

పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలో దిక్కులేని వృద్ధులకు మిగిలినది స్థానిక ప్రభుత్వాలు నడిపే బీదల గృహమే. ఆ గృహమంటే ప్రజలకు భయం, రోత. 1935లో రూజ్వెల్టు సంతకం చేసిన సామాజిక భద్రతా చట్టం బీద వృద్ధులకు ధన సహాయం కల్పించింది. కాని ప్రభుత్వ సంస్థలలో వుండేవారికి ఆ సహాయం ఇవ్వరాదన్నది. బీదల గృహాలు అంతరించాలన్నదే అందలి ఆశయం. అయితే ఇల్లూ వాకిలీ లేని రోగిష్టి వృద్ధుడు ఆ డబ్బు తీసుకొని యెక్కడికి పోతాడు? గదులు అద్దెకిచ్చి, కూడు పెట్టి, నాలుగు మందులు ఇచ్చే ప్రైవేటు ఇళ్ళకు పోయాడు. ఆ విధంగా వృద్ధుల సంరక్షణ వ్యాపారమయింది. ఆ నిషేధాన్ని 1950లో సడలించేనాటికే వ్యాపారం వేళ్ళూనుకున్నది. 1965లో మెడికేర్, మెడికెయిడ్ పథకాలు వచ్చి ప్రభుత్వ ధనం యేరులా ప్రవహించింది. ఈనాడు ఆ దేశంలో ఇటువంటి గృహాలు సుమారు 15,000. వాటిలో వుండేవారు సుమారు 12 లక్షలు. పదింట యేడు గృహాలు లాభం కోసం నడిచేవే.

ఈ వ్యాపారంలో లాభం యెక్కడి నుంచి వస్తుందో గమనించాలి. చాలామంది తరఫున ప్రభుత్వం చెల్లించే సొమ్ము రోజుకు ఇంత అని నిర్ణయమై వుంటుంది. యజమాని దాన్ని తన యిష్టం వచ్చినట్లు పెంచుకోలేడు. ఖర్చులో పెద్ద భాగం జీతాలు. కనుక లాభం పెరగడానికి దగ్గరి దారి మనుషులను తగ్గించటమే. పది మంది చేసే పనిని యెనిమిది మందితో చేయిస్తే ఇద్దరి జీతం మిగులుతుంది. ఇద్దరి పని మాత్రం మాయం కాదు. అది యెనిమిది మంది నడుము మీద పడుతుంది. లేదా అసలు జరగదు.

ఆ నడుములు యెవరివి? మన ఆసుపత్రులలో ఆయాలు చేసే పనిని అక్కడ నర్సింగు సహాయకులు చేస్తారు. వారిలో అత్యధికులు స్త్రీలు. నల్లజాతి స్త్రీలూ, పొట్ట చేతబట్టుకొని వలస వచ్చిన స్త్రీలూ యెక్కువ. కనీస వేతనాన్నీ అదనపు గంటల కూలినీ దేశమంతటా నిర్ణయించిన 1938 చట్టం ఈ గృహాలలో పనిచేసే వారికి 1966 సవరణ దాకా వర్తించలేదు. దీనికి సాకుగా నిలిచినది ‘సేవ’ అన్న భావం. మన సాహిత్యంలోనూ ఈ మాటకు గొప్ప గౌరవం వున్నది. కాని తల్లి చేసినా కోడలు చేసినా కూలికి వచ్చిన ఆడది చేసినా, సేవకు గంటల లెక్క లేదు. గంటల లెక్క లేని పనికి కూలి లెక్క కూడా వుండదు. పొగడ్తతో సరిపెట్టే శ్రమ యెక్కడ వున్నా, అక్కడ యెవరి జేబు నిండుతున్నదో వెతకాలి.

1986లో వైద్య సంస్థ అనే పండిత సభ ఈ గృహాల దురవస్థను గురించి నివేదిక ఇచ్చింది. మరుసటి యేడే సంస్కరణ చట్టం వచ్చింది. మంచానికి కట్టివేయటాన్ని అరికట్టటం, సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ వంటి మేలైన అంశాలు అందులో వున్నవి. సిబ్బంది విషయంలో మాత్రం రోజుకు 8 గంటలపాటు ఒక రిజిస్టర్డ్ నర్సు, రోజంతా ఒక లైసెన్సు పొందిన నర్సు వుండాలని చెప్పి, మిగతాది ‘తగినంత’ మంది అని వదిలింది. గృహంలో 30 మంది వున్నా 300 మంది వున్నా ఆ 8 గంటలే. నూరు మంది వున్న చోట ఒక్కొక్కరి వాటాకు వచ్చేది 5 నిమిషాలకు లోపు. ‘తగినంత’ అంటే యెంత? ఎవరికి తగినంత? చట్టం చెప్పలేదు. చెప్పనిచోట యజమాని చెప్పాడు.

ఆ అంకె యెవరికీ తెలియక కాదు. పార్లమెంటు ఆదేశంపై ప్రభుత్వమే అధ్యయనం జరిపించి 2001లో తేల్చింది: దీర్ఘకాలం వుండే ఒక్కొక్క మనిషికి రోజుకు మొత్తం 4.1 గంటల నర్సింగు సంరక్షణ కావాలి. అందులో సహాయకులవి 2.8 గంటలు, రిజిస్టర్డ్ నర్సులవి ముప్పావు గంట. అంతకు తగ్గితే మనిషికి హాని కలుగుతుంది. ఇంత స్పష్టంగా తేలిన అంకెను ప్రభుత్వం నియమంగా చేయక పక్కన పెట్టింది.

అంకె తగ్గితే యేమవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక సహాయకురాలికి పన్నెండు మంది అనుకుందాం. అందరూ కదలలేనివారే అనుకుందాం. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. మనిషికి ఐదు నిమిషాలే పట్టినా పన్నెండు మందికి గంట. అంటే ప్రతి రెండు గంటలలో ఒక గంట అందుకే సరి. మిగిలిన గంటలో వొళ్ళు కడగాలి, తడిసిన బట్ట మార్చాలి, మింగలేనివారికి మెల్లగా తినిపించాలి, పిలిచినవారికి పలకాలి. ఇది జరిగే పని కాదు. ఈ పూట యెవరిని నిర్లక్ష్యం చెయ్యాలి అన్న నిర్ణయం ఆమెకు మిగులుతుంది. యజమాని చేసిన పాపాన్ని ఆమె చేతులతో చేయించటం ఈ వ్యవస్థలోని క్రౌర్యం.

ఇటువంటి స్థితికి ‘బర్నౌట్’ అని పేరు. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త న్యూయార్కులోని ఉచిత వైద్యశాలలలో పనిచేసేవారిని గమనించి ఆ మాటను శాస్త్ర చర్చలోకి తెచ్చాడు. క్రిస్టినా మస్లాక్ 1981లో దానిని కొలిచే సాధనం తయారు చేసింది. సత్తువ వుడిగిపోవటం, యెదుటి మనిషి వస్తువులా తోచటం, చేసిన పనికి విలువ లేదనిపించటం దాని మూడు లక్షణాలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని జబ్బుగా గాక, పని స్థలం నుంచి పుట్టే స్థితిగా వర్గీకరించింది. అయినా యాజమాన్యాలు ఇచ్చే మందు ధ్యానం, శ్వాస వ్యాయామం, ఓర్పు మీద వుపన్యాసం. మరి పని మార్చకుండా మనసు మార్చుకోమంటే అర్థమేమిటి? పెన్సిల్వేనియా ఆసుపత్రులలో లిండా ఐకెన్ బృందం జరిపిన పరిశోధన 2002లో వెలువడింది. నర్సుకు ఒక్క రోగి పెరిగితే ఆమె అలసి కుంగిపోయే అవకాశం 23 శాతం, శస్త్రచికిత్స జరిగిన రోగి నెలలోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతున్నవని అది చూపింది. నర్సు నలిగిపోవటమూ రోగి చనిపోవటమూ ఒకే కారణానికి రెండు ఫలితాలు.

2020 ఫిబ్రవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్ పట్టణంలో ఒక సంరక్షణ గృహం కోవిడ్‌కు తొలి బలిపీఠాలలో ఒకటయింది. రెండేళ్ళలో ఇటువంటి గృహాలలో వుండేవారూ పనిచేసేవారూ కలిసి రెండు లక్షల మందికి పైగా మరణించారు. ఆ చావుల తరువాత 2024లో తొలిసారిగా దేశమంతటికీ అంకె నిర్ణయమయింది: రోజుకు 3.48 గంటలు, రాత్రింబవళ్ళూ ఒక రిజిస్టర్డ్ నర్సు. 2001లో తేలిన అంకె కంటే ఇది 37 నిమిషాలు తక్కువ. నూరు మంది గృహంలో ఆ తేడా దాదాపు యెనిమిది మంది ఒక రోజు చేసే పని. ఆ తక్కువ అంకెనూ బతకనివ్వలేదు. యజమానుల సంఘాలు కోర్టుకెక్కగా 2025 ఏప్రిల్‌లో టెక్సాస్ కోర్టు దానిని కొట్టివేసింది. జులైలో కొత్త చట్టం 2034 దాకా అమలును ఆపింది. డిసెంబరులో ప్రభుత్వమే రద్దు చేసింది.

యజమానుల వాదన వినదగినదే. మనుషులు దొరకటం లేదు, మెడికెయిడ్ ఇచ్చేది చాలదు, పల్లెలలోని గృహాలు మూతపడతాయి అంటారు. కొన్నిచోట్ల ఇందులో నిజం వున్నది. కాని 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఈ గృహాలలో నర్సింగు సిబ్బంది మారిపోయే రేటు సగటున యేడాదికి 128 శాతం. అంటే మనుషులు రాక కాదు, వచ్చినవారు నిలవలేక. ఇలినాయ్ రాష్ట్రపు లెక్కలు తవ్విన ఆర్థికవేత్తలు 2024లో మరొకటి చూపారు. యజమానులు తమ సొంత కంపెనీలకే హెచ్చు అద్దెలూ హెచ్చు ధరలూ చెల్లించుకొని, లాభంలో 63 శాతాన్ని ఖర్చు కింద దాచారు. లేమి పుస్తకంలో వున్నది. సొమ్ము పక్క జేబులో వున్నది.

ఈ వాదన మనకు కొత్త కాదు. 1837లో ఇంగ్లండులో నస్సా సీనియర్ అనే ఆచార్యుడు, మిల్లు లాభమంతా ఆఖరి గంటలోనే వుందనీ, పని గంటలు తగ్గిస్తే పరిశ్రమ నాశనమవుతుందనీ వాదించాడు. 1847లో స్త్రీలకూ బాలలకూ పది గంటల చట్టం వచ్చింది. మిల్లులు కూలిపోలేదు. మార్క్స్ 1867లో ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పనిదినంపై రాసిన అధ్యాయం ఆ పోరాటాన్ని వివరిస్తుంది. ‘న్యాయమైన పని’ అన్నంత కాలం కార్మికుడు ఓడిపోయాడు. ‘పది గంటలు’ అన్ననాడు తనిఖీ అధికారి గడియారం చూసి తప్పు పట్టగలిగాడు. అంకె లేని హక్కు దయ మాత్రమే.

మన దేశంలో 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం జిల్లాకొకటైనా వృద్ధాశ్రమం, ఒక్కొక్కదానిలో కనీసం 150 మంది బీద వృద్ధులకు చోటు అని చెప్పింది. ఆ సెక్షనులో వృద్ధుల సంఖ్య వున్నది, వారిని చూసేవారి సంఖ్య లేదు. దానిని రాష్ట్రాల పథకాలకు వదిలింది. మరోపక్క పిల్లలు విదేశాలకు పోయిన ఇళ్ళ పెద్దల కోసం మన నగరాలలో డబ్బు పుచ్చుకొని నడిపే ఆశ్రమాలు పెరుగుతున్నవి. అక్కడ పనిచేసే ఆయాలలో చాలామంది పల్లెల నుంచి వచ్చిన పేద స్త్రీలే. ఆశ్రమం గోడమీద ‘మాతృసేవ’ అని రాసి వుంటే మన విద్యార్థులు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: రాత్రి పూట ఎంతమందికి ఎంతమంది? జవాబు అంకెలో రావాలి.