మబ్బులో ఒడలు చెప్పు అబద్ధము

1926వ సంవత్సరమున, అమెరికా పశ్చిమతీరమునందలి శాన్ ఫ్రాన్సిస్కో నగరములో, క్రిస్సీ ఫీల్డు అను సైనిక విమానస్థావరమున, డేవిడ్ మయర్స్ అను సైనిక వైద్యుడు విలియం ఆకర్ అను విమానచోదకుని ఒక తిరుగుడు కుర్చీలో కూర్చుండబెట్టి, కన్నులు మూయించి, కుర్చీని మెల్లగా త్రిప్పుచు, ఏ వైపునకు తిరుగుచున్నదో చెప్పుమని యడిగెను. ఆకర్ ఎన్నో యేండ్లుగా ఆకాశమున తిరిగి చేయి తిరిగినవాడు. మొదట సరిగానే చెప్పెను. కుర్చీ ఒకే వేగముతో తిరుగుచుండగా కొంతసేపటికి ఆగినదనెను. నిజముగా ఆపినపుడు, ఇది ఎదురుదిక్కునకు తిరుగుచున్నదనెను. ఓడినవాడు ఊరకుండలేదు. మరల వచ్చునపుడు ఒక చిన్న పెట్టెను వెంట తెచ్చెను. విమానము ఏ వైపునకు మలగుచున్నదో ముల్లుతో చూపు స్పెర్రీ కంపెనీవారి యంత్రమొకటి, దాని ముఖము కనబడుటకు ఒక టార్చిలైటు అందులో అమర్చియుండెను. వెలుపలి ప్రపంచమేమియు కానరాకుండ పెట్టెకు ముఖమానించి కూర్చుండి, ఒడలు చెప్పుదానిని పెడచెవిని బెట్టి, ముల్లు చెప్పుదానినే పలుకసాగెను. వైద్యుడు ఎట్లు త్రిప్పినను ఒక్క సమాధానమైనను తప్పలేదు.

ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ రూల్స్ అనుపేర, పైలట్ల వాడుకలో ఐ.ఎఫ్.ఆర్. అను మూడక్షరములుగా లోకమంతట చెల్లుచున్న నియమావళికి మూలము ఈ కుర్చీయే యని నా తలంపు. చరిత్రకారులు సాధారణముగా మరియొక ఘట్టముతో ఆరంభింతురు, దానికిని వత్తుము.

మన చెవి లోపల సన్నని వంపు నాళములు మూడు కలవు. వానిలో ద్రవము నిండియుండును. తల తిరిగినపుడు నాళము ముందు కదలును, ద్రవము వెనుకబడును. ఆ తేడాను నరములు మెదడునకు తెలుపును. కాని మలుపు ఒకే తీరున ఇరువది సెకండ్లపాటు సాగెనేని ద్రవమును నాళముతో సమానముగా తిరుగనారంభించును; తేడా మాయమగును; కదలిక లేదని మెదడు తీర్మానించుకొనును. నేలమీద ఈ లోపమును కన్ను దిద్దుచుండును. మబ్బులో కన్నునకు పనిలేదు. ఎడమ రెక్క ఏ కొంచెమో వాలినను చోదకునకు తెలియదు, వాలిన విమానము వలయముగా తిరుగుచు ముక్కు దించును, వేగము పెరుగును, ఎత్తు తరుగుచున్నదని కంగారుపడి యాతడు కర్రను వెనుకకు లాగును, రెక్కలు వాలియున్నందున ఆ లాగుట మలుపును మరింత బిగించునే గాని విమానమును పైకెత్తదు. తిన్నగా పోవుచున్నానని నిండుగా నమ్ముచునే మనుష్యుడు నేలను ఢీకొనును. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు యంత్రములను చూచి ఎగురు విద్యలో శిక్షణ లేని 20 మంది విద్యార్థి పైలట్లకు కృత్రిమముగా చూపు మరుగుపరచి పరీక్షింపగా, ఇరువదిమందియు అదుపు తప్పిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు.

ఆ కాలపు పైలట్లకు ఒక అభిమానముండెడిది: నిక్కమైన చోదకునకు గడియారముల వంటి యీ పరికరములతో పనిలేదు, కూర్చున్న పీటయే అతనికి సర్వమును చెప్పును అని. ఆకర్ అట్టివారిని పట్టి కుర్చీలో కూర్చుండబెట్టి త్రిప్పెడివాడు. తరువాత తన పెట్టెను చూపెడివాడు. ఈతని పట్టుదల చూచి మతిస్థిమితమునే శంకించి వైద్యపరీక్షకు పంపిన పైయధికారులును ఉండిరట. ఐనను టెక్సాసులోని బ్రూక్స్ ఫీల్డున కార్ల్ క్రేన్ అను మరియొక యధికారితో కలిసి ఆతడీ విద్యను బోధించుచునే వచ్చెను. 1930 జూనులో కాక్‌పిట్టును పూర్తిగా కప్పించుకొని, టెక్సాసునుండి ఇల్లినాయ్ రాష్ట్రములోని స్కాట్ ఫీల్డు వరకు సుమారు 900 మైళ్లు ఎగిరి చూపెను. 1932లో వారిరువురు కలిసి వ్రాసిన గ్రంథము పైలట్లకు పాఠ్యపుస్తకమైనది.

పేరు మాత్రము జిమ్మీ డూలిటిల్‌కు దక్కినది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున విమానశాస్త్రములో డాక్టరు పట్టము పొందిన సైనికుడీతడు. 1942లో టోక్యోపై విమానదాడి నడపినవాడును ఈతడే. పొగమంచులో ఎగురుట ఎట్లో తేల్చుమని గుగెన్‌హైమ్ నిధివారు ఆతనిని నియోగించిరి. ఒరుగుటను దిక్కును చూపు రెండు యంత్రములను స్పెర్రీ సంస్థవారు చేసియిచ్చిరి. ఎత్తును కొలది అడుగుల తేడాతో చెప్పు ఆల్టిమీటరును పాల్ కోల్స్‌మన్ తెచ్చెను. వేగముగా తిరుగు బొంగరము తాను నిలిచిన తీరును విడువదు గదా. ఆ యంత్రముల లోపల తిరుగునదియు అట్టి బొంగరమే. విమానము ఎట్లు ఒరిగినను అది ఒరుగదు. కావున దానికి తగిలించిన అడ్డగీత, అద్దము వెనుక, కానరాని దిగంతమునకు ప్రతినిధియై నిలుచును.

1929 సెప్టెంబరు 24 ఉదయము న్యూయార్కు చెంతనున్న మిచెల్ ఫీల్డుపై దట్టముగా మంచు క్రమ్మియుండెను. డూలిటిల్ మొదట ఒంటరిగా ఆ మంచులోనికే ఎగిరి దిగెను. నిధి అధ్యక్షుడు హ్యారీ గుగెన్‌హైమ్ వచ్చుసరికి మంచు విచ్చుచుండెను. అందువలన అందరి యెదుట చేయు ప్రయోగమునకు అతని కాక్‌పిట్టుపై తెర కప్పి, ప్రమాదము వచ్చినచో ఆదుకొనుటకు బెంజమిన్ కెల్సీ అను యువాధికారిని ముందు సీటులో కూర్చుండబెట్టిరి. తాను కర్ర ముట్టుట లేదని నేలమీదివారికి తెలియుటకై కెల్సీ చేతులు రెండును పైకి కనబడునట్లు ఉంచెను. పదునైదు నిమిషములలో విమానము లేచి, తిరిగి, లేచినచోటనే దిగెను. దిగుట అంత సొగసుగా కుదరలేదని డూలిటిల్ తానే చెప్పుకొనెను. ఆ మాట అనగలవాడు కనుకనే ఆతని లెక్కలు నమ్మదగినవని నాకు తోచును.

రెక్కలు సమముగా నున్నవని తెలిసినంతమాత్రమున తానెచ్చట నున్నాడో తెలియదు. రాత్రులు తపాలా మోయు విమానములకై దారిపొడవున దీపస్తంభములు నాటిరి గాని, మబ్బు పట్టినచో దీపము వ్యర్థము. కావున రేడియో బాటలు వెలసెను. కేంద్రమునకు ఒక ప్రక్కన మోర్స్ లిపిలోని 'ఎ' అక్షరము, అనగా ఒక చుక్క, ఒక గీత. మరియొక ప్రక్కన 'ఎన్', అనగా ఒక గీత, ఒక చుక్క వినబడును. రెండును సమముగా కలిసినచోట చుక్కకు గీతకు నడుమ సందు పూడిపోయి ఎడతెగని యేకనాదమగును. ఆ నాదమే బాట. ఉరుముల గరగరలో దానిని పట్టుకొని గంటలకొలది కూర్చుండుట సామాన్యమైన పని కాదు. కేంద్రమునకు సరిగా పైకి వచ్చినపుడు నాదము తటాలున ఆగిపోవును. ఆ నిశ్శబ్దమే చేరితివని చెప్పు గుర్తు. కుర్చీలో అబద్ధమాడి పట్టుబడిన చెవికే ఇట్లు మరల కొలువు దొరకినది.

దారి తెలిసినను దారిలోని కొండ యెత్తు తెలియవలెను గదా. ఎల్రీ జెప్పెసెన్ అను తపాలా పైలటు పది సెంట్లకు ఒక నల్లయట్ట నోటుపుస్తకము కొని, తాను దిగిన ప్రతి మైదానము యొక్క పొడవు, వాలు, చుట్టునున్న పొగగొట్టములు, నీటిట్యాంకులు, కడకు వాతావరణము చెప్పగల రైతుల టెలిఫోను నంబర్లతో సహా అందులో వ్రాసికొనసాగెను. ఆల్టిమీటరు చేతబట్టుకొని కొండలెక్కి వాని యెత్తు కొలిచి తెచ్చెను. తోడి పైలట్లు ప్రతులడుగగా 1934 నాటికి అది యొక వ్యాపారమైనది. నేటికిని పైలట్లు 'జెప్' పటములని పిలుచునవి ఆ నోటుపుస్తకపు సంతానమే.

ఇంతవరకు జరిగినది ఒంటరి మనుష్యుని కథ. మబ్బులో ఇద్దరున్నచో ఏమగును? కంటికి కనబడనివాడు కంటికి కనబడనివానిని ఎట్లు తప్పుకొనును? ఈ ప్రశ్నకు ఏ బొంగరమును జవాబు చెప్పలేదు. న్యూయార్కు, షికాగో నగరముల మీద విమానములు పెరిగినకొలది భయము పెరిగెను. 1935 మే నెలలో మిస్సోరీ రాష్ట్రమున మంచులో ఇంధనము తరిగి కూలిన విమానములో బ్రాన్సన్ కటింగ్ అను సెనేటరు మరణించుటతో చట్టసభయు కదలెను. ఆ యేడు డిసెంబరు 1న న్యూవార్కులో విమానకంపెనీలే కూడబలుకుకొని మొదటి మార్గనియంత్రణ కేంద్రమును తెరచినవి. 1936 జూలై 6న ప్రభుత్వము న్యూవార్కు, షికాగో, క్లీవ్‌లాండు కేంద్రములను తన చేతిలోనికి తీసికొనెను. ఆ కేంద్రములలో ఉన్నవి ఒక నల్లబల్ల, ఒక పెద్ద పటము, టెలిఫోన్లు. పటముమీద ఒక్కొక్క విమానమునకు ఒక్కొక్క బిళ్ల. కంట్రోలరు గడియారము చూచి ఆ బిళ్లను చేతితో జరిపెడివాడు. పైలటుతో సూటిగా మాటాడుటయు లేదు; కంపెనీవారి ద్వారా కబురు పోవలెను. ఐనను ఆ బల్లమీదనే ముఖ్యమైన సూత్రము పుట్టినది: ఒకే కాలమున ఒకే చోట ఒకే యెత్తున ఒక్క విమానమునకే తావు.

ఈ సూత్రము కాగితమున నిలుచుటకును గగనమున నిలుచుటకును నడుమ ఎంత దూరమున్నదో 1956 జూన్ 30 చూపినది. ఆ యుదయము లాస్ ఏంజిలిస్ నుండి టి.డబ్ల్యు.ఎ. వారి సూపర్ కాన్‌స్టలేషన్, యునైటెడ్ వారి డి.సి.-7, మూడు నిమిషముల తేడాతో తూర్పునకు లేచినవి. మొదటిది 19,000 అడుగుల మీద పోవుచు, మబ్బులను తప్పించుకొనుటకు 21,000 కోరెను. అచ్చట యునైటెడ్ విమానమున్నదని కంట్రోలరు నిరాకరించెను. అంతట పైలటు మబ్బు తలకు వేయి అడుగుల పైన ఎగురుటకు అనుమతి యడిగెను; ఆనాటి నియమము ప్రకారము అది ఇయ్యదగినదే గనుక దొరకెను. అట్లు ఎగురువాడు తోటి విమానమును కంటితో చూచి తానే తప్పుకొనవలెను. మబ్బు తలకు వేయి అడుగుల పైన అనగా ఆనాడు ఆ యెత్తే యగుటచేత, నిరాకరింపబడిన 21,000 అడుగులకే విమానము చేరినది. గ్రాండ్ కాన్యన్ మీద రెండును ఢీకొనగా 128 మందియు మరణించిరి. నియంత్రణ లేని ఆకాశమది. అనుమతి ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును నియమము దాటలేదు. నియమమునందే కన్ను దాగియుండెను. చట్టసభ 1958లో కొత్త విమానయాన చట్టము చేసి, అమెరికా ఆకాశమునకంతకు బాధ్యత వహించు ఒకే సంస్థను నెలకొల్పెను.

మన దేశమున 1996 నవంబరు 12 సాయంకాలము హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద జరిగినది వేరు తీరు విపత్తు. ఢిల్లీనుండి లేచిన సౌదీ విమానమునకు 14,000 అడుగులు, ఢిల్లీకి దిగుచున్న కజక్ విమానమునకు 15,000 అడుగులు నియమింపబడెను. లేచువారికిని దిగువారికిని అప్పుడు ఒకే దారి. ఢిల్లీ రాడారు విమానమున్న తావు చూపునే గాని యెత్తు చూపదు. కజక్ విమానము తన యెత్తు దాటి క్రిందికి దిగెను; రేడియోలో జవాబు చెప్పువాని యెదుట ఎత్తు చూపు గడియారము లేదు, పైలట్ల భుజములమీదుగా తొంగి చూచుకొనవలెను. 349 మంది మరణించిరి. ఇట్టి సన్నిధిని తానే కనిపెట్టి హెచ్చరించు యంత్రము భారతదేశమునకు వచ్చు విమానములకు తప్పనిసరియైనది ఈ దుర్ఘటన తరువాతనే.

నేడు శంషాబాదునుండి విశాఖకు పోవు విమానము తూర్పుముఖమగుటచే బేసి వేల యెత్తును, తిరిగి వచ్చునది సరి వేల యెత్తును పొందును. బయలుదేరకముందే కంట్రోలరు దారి, ఎత్తు, రేడియో సంఖ్య చెప్పును. పైలటు ఆ మాటలనే మరల అప్పగింపవలెను. సరియని కంట్రోలరు ఒప్పుకొనువరకు పని ముగియదు. దిగునపుడు రన్‌వే నుండి వచ్చు రేడియో కిరణములు రెండు, ఒకటి నడిమిగీతను, ఒకటి మూడు డిగ్రీల వాలును చూపును. సామాన్యశ్రేణి పద్ధతిలో నేలకు 200 అడుగుల యెత్తునకు వచ్చుసరికి దీపములు కంటబడవలెను. పడనిచో మరుక్షణము పైకి లేవవలెను. మరికొంచెము దిగి చూతమను ఆశకు అచ్చట తావు లేదు. ఆకర్ పెట్టెలో ముఖము దాచుకొనిన మనుష్యునకు తిరిగి కన్నులు తెరచు అధికారము ఆ ఒక్క క్షణముననే.

రేడియోయే మూగవోయినచో? అందుకును నియమము కలదు. పైలటు 7600 అను సంఖ్యను తన యంత్రమున నమర్చును. రాడారు తెరపై అది చూడగానే కంట్రోలరునకు సంగతి తెలియును. మబ్బులో చిక్కినవాడు చివరగా ఒప్పుకొన్న యెత్తును, వేగమును రాడారు ఉన్నచోట ఏడు నిమిషములు, లేనిచోట ఇరువది నిమిషములు నిలుపుకొని, పిమ్మట ముందుగా దాఖలు చేసిన పథకము ప్రకారము పోయి, చేరవలసిన వేళకు దిగనారంభించి, వీలైనంతవరకు అది మొదలు ముప్పది నిమిషములలో నేల చేరవలెను. కంట్రోలరునకు ఆతని గొంతు వినబడదు. ఐనను ఆతడేమి చేయునో ఇరువురును చదివిన పుస్తకమొకటే గనుక తెలియును. ఆ ముప్పది నిమిషములు గడచువరకు ఆ త్రోవ మరియొకనికి ఈయబడదు.