పక్కచూపు లెక్క: పిట్యూటరీ ఆపరేషన్ తర్వాత కంటి సమస్యలు

హైదరాబాద్ టోలిచౌకిలో కంటి వైద్యానికి కొదవ లేదు. ఒకవైపు మెహదీపట్నం దగ్గర సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. అయితే పిట్యూటరీ కణితికి ఆపరేషన్ చేసేది మెదడు సర్జన్, హార్మోన్లు చూసేది ఎండోక్రైనాలజిస్టు. చూపు సంగతి ఈ ఇద్దరి మధ్య జారిపోతుంది. జారిపోయేది కూడా ఎక్కువగా పక్కచూపే.

పిట్యూటరీ బఠానీ గింజంత గ్రంథి. ముక్కు వెనక, పుర్రె అడుగున ఎముక గుంటలో కూర్చుని ఉంటుంది. దానికి సుమారు ఒక సెంటీమీటరు ఎత్తున ఆప్టిక్ కయాజ్మా ఉంటుంది. రెండు కళ్ల నుంచి వచ్చే నరాల పోగుల్లో ముక్కువైపు రెటీనావి ఇక్కడే అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. కణితి పెరిగి కింది నుంచి నెట్టితే ముందు నలిగేవి ఈ పోగులే. దాంతో రెండు కళ్లకూ చెవివైపు చూపు చెరిగిపోతుంది. ఇలాంటి మనిషి అక్షరాల పట్టిక ముందు కూర్చుంటే చివరి వరస దాకా చదివేయొచ్చు. అదే మనిషికి షేక్‌పేట రోడ్డు దాటేటప్పుడు పక్క నుంచి వచ్చే బండి కనబడదు. మగ్గం పని చేసేవారి అవస్థ ఇంకా విచిత్రం. సూది మొన మీద రెండు కళ్లూ నిలిపితే దాని వెనకున్న బట్ట మాయమవుతుంది. చూపు ఆరుకి ఆరు ఉందని రాసిన కాగితం ఇక్కడ పెద్దగా ఏమీ చెప్పనట్టే.

ముక్కు దారిన పిట్యూటరీని చేరే ఆపరేషన్‌ను 1907లో ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ మొదట చేశాడు. ఇప్పుడు ఎండోస్కోపుతో చేస్తున్నారు. ఒత్తిడి తగ్గితే కొందరికి గంటల్లోనే చూపు విచ్చుకుంటుంది, మిగతాది నెలల తరబడి నెమ్మదిగా వస్తుంది. ఓసీటీ పరీక్షలో (రెటీనా పొరల స్కాన్) నరాల పొర ముందే బాగా పలచబడి కనిపిస్తే ఆశ ఎక్కువగా పెట్టుకోలేం. ఆ మాట ఆపరేషన్‌కు ముందే ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మొదటి 24 గంటలు. కణితి తీసిన చోట రక్తం గడ్డకట్టినా, ఆ ఖాళీలో నింపిన కొవ్వు ఎక్కువైనా కయాజ్మా మళ్లీ నలుగుతుంది. దీన్ని పసిగట్టడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. నర్సు ఒక కన్ను మూయించి వేళ్లు లెక్కపెట్టించాలి. తర్వాత కంటిచుక్కల సీసా ఎర్ర మూతను తన ముక్కుకు ఇటో సారి, అటో సారి పట్టి, రెండు పక్కలా ఎరుపు ఒకేలా ఉందా అని అడగాలి. రెండో కంటికీ అంతే. గంటగంటకూ ఇది జరగాలి. ఎరుపు ఒకవైపు వెలిసినట్టు ఉందని రోగి అంటే తెల్లారే దాకా ఆగకూడదు. వెంటనే స్కాన్ తీయాలి, గడ్డ ఉంటే మళ్లీ థియేటర్‌కే.

రెండుగా కనిపించడం, రెప్ప వాలిపోవడం వేరే దారిన వస్తాయి. కంటిని కదిలించే నరాలు పక్కనున్న కావెర్నస్ సైనస్‌లోంచి పోతాయి, అక్కడ తగిలిన దెబ్బకు ఇవి లక్షణాలు. తరచూ వారాల్లో, నెలల్లో సర్దుకుంటాయి. అప్పటిదాకా ఒక కంటికి గంత కట్టడమో, కళ్లద్దాలకు ప్రిజం అతికించడమో చేస్తారు. ఇంటికెళ్లిన వారం లోపు తలనొప్పి, వాంతులు, మగత వస్తే కంటి నీరసం అనుకోకూడదు, రక్తంలో సోడియం పడిపోయి ఉండొచ్చు. మిగిలిన కణితికి రేడియేషన్ ఇచ్చినవారికి నెలలు, ఏళ్ల తర్వాత కూడా చూపు దెబ్బతినే అవకాశం ఉంది. అందుకే ఒక్కసారే ఇచ్చే రేడియోసర్జరీలో దృష్టి నాడికి తగిలే మోతాదును సాధారణంగా 8 నుంచి 10 గ్రేలు దాటనివ్వరు.

దివ్యాంగుల హక్కుల చట్టం (2016) చూపును అక్షరాల పట్టికతో పాటు దాని విస్తీర్ణంతోనూ కొలుస్తుంది. డిశ్చార్జి కాగితంలో మాత్రం ఆ కొలతకు చోటుండదు. ఆపరేషన్‌కు ముందు తీసిన ఫీల్డు పటం (చూపు విస్తీర్ణపు పటం), మూడు నెలలకు తీసినది, ఆ తర్వాత ఏటా తీసేవి ఒకే ఫైలులో రోగి చేతిలోనే ఉండాలి. కణితి మళ్లీ పెరిగితే అది కొత్త పటంలో చెవివైపు పై మూలన చిన్న నల్ల మచ్చగా మొదలుకావచ్చు. పాత పటం పక్కన పెట్టి చూసిన డాక్టరుకే అది కొత్త మచ్చని తెలుస్తుంది.