మేళ్లచెరువు ఎండలో 13 గంటలు

పాత నల్లగొండ జిల్లాలో వంగిన నడుము అనగానే ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. ఇక్కడి ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. జబ్బు ముదిరితే వెన్నుపూసలను పట్టి ఉంచే బంధనాలు (లిగమెంట్లు) కూడా ఎముకలా గట్టిపడి, వెన్నంతా ఒకే ముక్కగా బిగుసుకుపోతుంది. అలాంటి నడుముకు ఏ బెల్టు కట్టినా నిటారు కాదు. అక్కడ ముందే అందాల్సింది మంచినీళ్లు. 2016లో సూర్యాపేట జిల్లాలోకి వచ్చిన మేళ్లచెరువు లాంటి చోట చవక బెల్టుల మాట ఎత్తేముందు ఏ వెన్నుకు బెల్టు పనికొస్తుందో, దేనికి పనికిరాదో తేల్చుకోవాలి. బెల్టు అక్కర్లేని మరో జబ్బు వెన్ను క్షయ (టీబీ). దానికి ఒకప్పుడు పిండికట్టు జాకెట్లు వేసేవారు. మందులు సరిగా వాడితే ఆ జాకెట్ వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదని కొరియాలోని పూసాన్‌లో పిల్లలపై జరిగిన అధ్యయనం 1973లో తేల్చింది. అక్కర్లేని బెల్టు మానేయడం కూడా ఖర్చు తగ్గించడమే.

అక్కర ఉన్నది ఎదిగే పిల్లల్లో వెన్ను పక్కకు ఒరిగే స్కోలియోసిస్‌కు. అక్కడ బెల్టు చవకో కాదో కొన్న ధరతో కాక, అది ఒంటి మీద ఉన్న గంటలతో లెక్కగట్టాలి. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో బెల్టు వేసుకున్నవారిలో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల ముగిసింది. వేసుకోనివారిలో 48 శాతం. రోజుకు దాదాపు 13 గంటలు, ఆపైన వేసుకున్నవారిలో ఆ ఫలితం 90 శాతం దాటింది. ఆరు గంటలలోపు వేసుకున్నవారికి వేసుకోనివారికన్నా పెద్దగా మేలు కలగలేదు. గంటలు కొలవడానికి బెల్టులో ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం అమర్చారు. 28 డిగ్రీలు, ఆపైన ఉంటే వేసుకున్నట్టే లెక్క. మే నెలలో పక్కనున్న కోదాడలో మేకుకు తగిలించిన బెల్టు కూడా ఆ లెక్కన రోజంతా ఒంటి మీదున్నట్టే! నవ్వు పక్కనపెడితే, ఆ ఎండలో ప్లాస్టిక్ గుల్ల లోపల చెమట కారి, పట్టీ కింద చర్మం ఒరుసుకుపోతుంటే పిల్ల దాన్ని విప్పి పడేయక ఏం చేస్తుంది?

పిల్లలు మోసే బరువు గురించి అగ్ని క్షిపణి నాటి సంగతి ఒకటి అబ్దుల్ కలాం చెప్పేవారు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ఆయన ప్రయోగశాలకు వచ్చి, క్షిపణికి వాడే తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. వెంటనే కలాంను ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. అది కాలికి వేసేది, వెన్నుకు కాదు. అయినా అక్కడ లెక్క మొదలైంది పిల్లవాడు మోసే బరువు దగ్గర.

‘అసలేమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కదా’ అంటారు. ఆరు గంటల లెక్క చూశాక ఆ మాట నిలవదు. విప్పేసిన బెల్టుకు పెట్టిన డబ్బు వృథా. విదేశీ లెక్కలు మనకెందుకన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. నిజమే, ఆ 13 గంటలు ఇక్కడా అంతేనా అన్నది ఇక్కడే కొలవాలి, 28 డిగ్రీల గీత మార్చి మరీ. ఇక త్రీడీ స్కాన్, ప్రింటర్ ఉంటే చాలదా అంటే, కొలత తీయడంలో ప్లాస్టర్ అచ్చు పని అవి తప్పించగలవు. కానీ పిల్ల ఎదిగినకొద్దీ అంచు కోయాలి, గాలి రంధ్రం పెంచాలి, మెత్త జరపాలి, అరిగిన వెల్క్రో మార్చాలి. ప్రతిసారీ సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు వెళ్లి రావాలంటే తల్లిదండ్రుల కూలి పోతుంది, రెండోసారికే ప్రయాణం ఆగిపోతుంది. ప్రింటర్ కొనే డబ్బుతో కోదాడలోనో మిర్యాలగూడలోనో ప్లాస్టిక్‌ను వేడిచేసి సరిచేయగల టెక్నీషియన్‌ను కూర్చోబెడితే బెల్టు ఒంటి మీదుండే గంటలు పెరుగుతాయి.