మల్చింగ్: అశ్వారావుపేట ప్రాంతంలో నేలకప్పు చరిత్ర

చెట్టు పాదులోనో, సాళ్ల మధ్యనో నేల కనబడకుండా ఆకులు, గడ్డి, మట్టలు, కొబ్బరి పీచు లేదా ప్లాస్టిక్ షీటు పరచడాన్ని మల్చింగ్ అంటారు. ప్రకృతి వ్యవసాయదారులు దీన్నే ఆచ్ఛాదన అంటున్నారు. ఎండ నేరుగా తగలదు కనుక పదును తొందరగా ఆరిపోదు. వెలుతురు అందక కలుపు అంతగా లేవదు. వాన చినుకు మట్టిని కోసుకుపోదు. ఆకు, గడ్డి పరిస్తే అవి కుళ్లి ఎరువు కూడా అవుతాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న అశ్వారావుపేట మండలంలో ఈ పద్ధతి ఎక్కువగా ఆయిల్‌పామ్ తోటల్లో కనిపిస్తుంది.

ఈ పనిని అందరికంటే ముందు చేసింది అడవి. వేసవిలో టేకు ఆకు రాలి అడవి నేలంతా పరుచుకుంటుంది. ఆ ఆకు తొలగించి వేలు గుచ్చితే కింద మట్టి మెత్తగా తగులుతుంది. ఈ అడవుల్లో కోయలు, కొండరెడ్లు చేసిన పోడులో చెట్లు కొట్టి తగలబెట్టి, ఆ బూడిదలోనే విత్తేవారు. కొన్నేళ్లకు ఆ చేను వదిలేస్తే అడవి మళ్లీ పెరిగి నేలను కప్పేది. పోడు నిలబడింది ఆ విరామం మీదే. విరామం తగ్గినచోట కప్పు తిరిగి రాలేదు.

మైదానంలో మెట్ట రైతుకు తెలిసిన కప్పు మట్టే. నల్లరేగడిలో గుంటక తోలితే పైమట్టి పొడిగా వదులై, నెర్రెలు పూడి, కింది తేమ ఆవిరి కాకుండా ఆగుతుంది. 1930లలో మెట్ట సేద్యంపై ప్రభుత్వ పరిశోధన సాగిన కేంద్రాల్లో నాటి మద్రాసు రాష్ట్రంలోని హగరి, హైదరాబాద్ సంస్థానంలోని రాయచూరు ఉన్నాయి. వాన నీటిని నేలలోనే నిలపడం ఆ కేంద్రాల ప్రధాన లక్ష్యం.

మరి గడ్డి పరిచే అలవాటు ఊళ్లలో ఎందుకు పాతుకోలేదు? రైతుకు తెలియక కాదు. వరిగడ్డి పశువుల మేత, తాటాకు ఇంటి కప్పు, కంపా పుల్లా పొయ్యిలోకి. నేలకు పరచడానికి మిగిలేది ఏముంది? పసుపు మడుల్లో పచ్చి ఆకు పరచడం లాంటివి కొన్ని పంటలకే పరిమితమయ్యాయి. ఇప్పుడు ఎడ్లు తగ్గాయి, కోత యంత్రాలు వచ్చాయి, గడ్డి చేలోనే మిగులుతోంది. అయినా దాన్ని తగలబెడుతున్నారు.

అశ్వారావుపేట కథను మార్చింది ఆయిల్‌పామ్. 1990లలో ఈ ప్రాంతంలో తోటలు మొదలయ్యాయి, తర్వాత నూనెగింజల రైతుల సహకార సమాఖ్య ఆయిల్‌ఫెడ్ గెలల ఫ్యాక్టరీ కూడా వచ్చింది. 9 మీటర్ల ఎడంతో త్రికోణంలో నాటితే ఎకరాకు 57 చెట్లు పడతాయి. ఎదిగిన చెట్టు నుంచి ఏడాదికి సుమారు 20 మట్టలు నరుకుతారు. ముళ్ల మొదళ్లున్న ఆ మట్టలను పశువులకు వేసే అలవాటు లేదు, పొయ్యిలోకీ పెద్దగా పనికిరావు. అందుకే అవి నేలకే దక్కాయి. వరుసల మధ్య పేర్చిన మట్టలను ఏడాది తర్వాత ఎత్తి చూస్తే, కింద నల్లటి మట్టిలోకి చెట్టు సన్నని వేళ్లు అల్లుకుపోయి ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఖాళీ గెలలూ మంచి కప్పే. గెలల బరువులో దాదాపు ఐదోవంతు ఇలా ఖాళీ గెలగా మిగులుతుంది, అందులో పొటాషియం ఎక్కువ. ఎండాకాలంలో ఎదిగిన చెట్టుకు రోజుకు 200 నుంచి 300 లీటర్ల నీళ్లు కావాలి కాబట్టి, పాదులో నిలిచిన ప్రతి బొట్టుకూ విలువుంది. పెదవేగిలోని భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ కూడా మట్టలను తోటలోనే పరచమని సలహా ఇస్తుంది.

కూరగాయలు, మిరప, పుచ్చ సాగులో డ్రిప్పు పైపులతోపాటు వెండి–నలుపు ప్లాస్టిక్ షీట్లు వచ్చాయి. ప్లాస్టిక్ మల్చింగ్‌కు ఆద్యుడిగా అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమ్మర్ట్ పేరు చెబుతారు, అది 1950ల మాట. కలుపు కూలి ఖర్చు తగ్గించడంలో దీనికి సాటి లేదు. కానీ పంటయ్యాక చిరిగిన ముక్కలు మట్టిలోనే ఉండిపోతాయి, నేలకు ఎరువూ ఇవ్వవు.

ప్లాస్టిక్‌కు భిన్నంగా గడ్డి, ఆకు కప్పునే నమ్మినవారూ ఉన్నారు. జపాన్ రైతు ఫుకుఒకా నూర్చిన గడ్డినంతా తిరిగి చేలోనే చల్లాడు. ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ తన పద్ధతిలో, ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం పక్కన ఆచ్ఛాదనను నిలిపారు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకృతి వ్యవసాయాన్ని పెద్దఎత్తున చేపట్టాక, ఆచ్ఛాదన అనే మాట సరిహద్దుకు ఇవతల రైతుల నోటా వినిపిస్తోంది.

కప్పు పరిచేవారు రెండు జాగ్రత్తలు మరవకూడదు. దాన్ని మొక్క మొదలుకు ఆనించకూడదు, తేమకు మొదలు కుళ్లుతుంది. ఖాళీ గెలలను ఒకే పొరగా పరచాలి, కుప్ప పోస్తే కొమ్ము పురుగు అందులో గుడ్లు పెట్టి తోట మీద పడుతుంది.