ఒట్టు తీసి గట్టున పెట్టడం: ఎన్నికల ప్రమాణాలపై ఒక పరిశీలన

ఓటుకు నోటు గురించి మన పత్రికల్లో, సదస్సుల్లో వచ్చే పత్రాలు దాదాపు అన్నీ ఒకే మాట దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి: ఓటరు అమ్ముడుపోతున్నాడు. అమ్మేవాడు ఓటరు, కొనేవాడు అభ్యర్థి, మధ్యలో దళారి. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒక పెద్దమ్మ గుర్తుకొస్తుంది.

నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె. ఎన్నిక ముగిసిన వారానికి ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడాను. డబ్బు తీసుకున్న సంగతి ఆమె దాచలేదు. "పైసలదేముంది బిడ్డా, వచ్చినయ్, మందులకు పోయినయ్. పసుపు ముట్టి ఒట్టు పెట్టిన గద. తప్పితే మనుమల మీద పడ్తది" అన్నది. ఆమెకు నచ్చిన అభ్యర్థి వేరే ఉన్నాడు. అదీ ఆమే చెప్పింది. ఎవరూ చూడని చోట ఒంటరిగా నిలబడి, తనకు నచ్చని గుర్తు మీద మీట నొక్కి వచ్చింది.

అమ్ముకున్న మనిషి ఇలా మాట్లాడదు. అమ్మకంలో సరుకు చేతులు మారగానే సంబంధం తెగిపోతుంది. ఇక్కడ డబ్బు చేతులు మారాకే సంబంధం మొదలైంది. మన పల్లెల్లో ఓటరును కట్టిపడేసేది డబ్బు తర్వాత పెట్టించే ఒట్టు అనీ, డబ్బు ఆ ఒట్టుకు తలుపు తీసే తాళంచెవి మాత్రమే అనీ ఈ వ్యాసం వాదిస్తుంది. ఒట్టును గుర్తించని పరిశోధన ఓటరును నిందించడం దగ్గర ఆగిపోతుంది. ఒట్టును గుర్తిస్తే విరుగుడు కూడా కనిపిస్తుంది.

స్టోక్స్ సిద్ధాంతంతో పేచీ

మనవాళ్ళు ఎక్కువగా ఆశ్రయించేది రాజనీతి శాస్త్రవేత్త సూసన్ స్టోక్స్ 2005లో అర్జెంటీనా మీద రాసిన వ్యాసాన్ని. ప్రజాస్వామ్యంలో ఓటరు పార్టీని జవాబు అడగాలి; అక్కడ పార్టీయే ఓటరును జవాబు అడుగుతోంది కాబట్టి ఆమె దాన్ని వక్ర జవాబుదారీతనం అన్నారు. ఓటు రహస్యమే అయినా, ఊళ్ళో కలిసిమెలిసి తిరిగే పెరోనిస్టు పార్టీ కార్యకర్త ఎవరు ఎటు వేశారో పసిగడతాడు. మాట తప్పినవాళ్ళకు తర్వాత సాయం అందదు. ఆ భయంతోనే ఓటరు మాట మీద ఉంటాడని ఆమె వాదం.

ఈ నమూనాను తెచ్చి తెలుగు పల్లెకు తొడగడం మీదే నా అభ్యంతరం. పై పెద్దమ్మను "ఎవరైనా చూస్తారని భయపడ్డావా?" అని అడిగాను. "లోపటికి ఎవరొస్తరు? దేవుడొస్తడు" అన్నది. స్టోక్స్ సిద్ధాంతంలో లేని సాక్షి ఆయనే. పార్టీ మనిషి ఓటు వేసే మరుగుకు బయటే ఆగిపోతాడు. ఒట్టు మాత్రం ఓటరుతో పాటు లోపలికి వస్తుంది.

పోటీలో ఉన్న ఇద్దరూ డబ్బు పంచినప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్నకూ ఆ సిద్ధాంతం దగ్గర సరైన జవాబు లేదు. మన దగ్గర ఇది అరుదైన సంగతి కాదు. అదే పల్లెలో ఒక మధ్యవయస్కుడు నాతో అన్న మాట: "ఇద్దరి పైసలు తీసుకున్నం సారూ. ఒట్టు మాత్రం ఒక్కరికే పెట్టినం." రెండు చోట్ల డబ్బు ముట్టింది, ఓటు ఒకవైపే పడింది. తేడా తెచ్చింది ఒట్టు ఒక్కటే. నా దృష్టిలో ఈ ఒక్క వాక్యం స్టోక్స్ నిఘా సిద్ధాంతాన్ని మొత్తంగా కూలదోస్తుంది.

2021 అక్టోబరు 30న జరిగిన హుజూరాబాద్ ఉప ఎన్నికకు ముందు, తమకు డబ్బు కవర్లు అందలేదని కొన్ని గ్రామాల్లో మహిళలు బహిరంగంగా నిలదీశారు. దీన్ని చాలామంది నైతిక పతనంగా రాశారు. నాకు వేరేగా కనిపిస్తుంది. దొంగ సరుకు అమ్మేవాడు నడిరోడ్డు మీద నిలబడి ధర అడగడు. పంపకంలో తన వంతు రానివాడే బజారుకెక్కి అడుగుతాడు. ఆ మహిళలు కవరును వెలగా చూడలేదు, వాటాగా చూశారు. అందుకే డబ్బు ఒక్కదానికే ఓటరును కట్టే బలం లేదు. ఈ సంగతి సిద్ధాంతకర్తల కన్నా ముందు పార్టీలకు తెలిసింది కనుకే డబ్బు పక్కన పసుపు వచ్చి చేరింది.

నాలుగు మెట్లు

ఒట్టు వేయించే ఈ పద్ధతిని నేను నాలుగు మెట్లుగా గుర్తించాను. మొదటిది వరస. కవరు తెచ్చేవాడు ఎప్పుడూ కొత్తవాడు కాడు. చెల్లెలి కొడుకో, బావమరిదో, పొదుపు సంఘంలో పక్కన కూర్చునే ఆమో అయి ఉంటారు. "పెద్దమ్మా", "వదినా" అన్న పిలుపుతో గడప దాటుతారు. ఆ పిలుపుకు "రావద్దు" అని జవాబు చెప్పే మర్యాద మన భాషలో లేదు. మొహమాటం అక్కడే మొదలవుతుంది.

రెండోది వాయనం. డబ్బు వట్టిగా రాదు. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, పసుపు, కుంకుమ, కొన్నిచోట్ల రవికె గుడ్డ, వాటి కింద కవరు. ఆడవాళ్ళ చేతుల మీదుగా ఆడవాళ్ళకు అందే ఈ రూపాన్ని కాదనడం కష్టం. లంచాన్ని తోసిపుచ్చవచ్చు, పసుపుకుంకుమలను తోసిపుచ్చడం కీడు అని నమ్మే ఇంట్లో ఆ పళ్ళెం వెనక్కి వెళ్ళదు.

మూడోది ఒట్టు. పళ్ళెం అందుకున్న చెయ్యి ఇంకా పసుపు మీద ఉండగానే "ఫలానా గుర్తుకే వేస్తానని చెప్పు పెద్దమ్మా" అంటారు. నాకు ఆ దృశ్యాన్ని చేసి చూపించిన ఆమె కుడిచెయ్యి పళ్ళెం మీద ఆనించి, ఎడమచేత్తో కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఆ కొంగు లాక్కోవడంలోనే అంతా ఉంది. అప్పటిదాకా అది రాజకీయం. ఆ క్షణం నుంచి దైవకార్యం.

నాలుగోది లెక్క. ఓటింగ్ యంత్రాలు వచ్చాక ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో విడివిడిగా బయటికొస్తుంది. ఊరు మొత్తం మాట మీద నిలబడిందా లేదా అన్నది ఫలితాల రోజునే తేలుతుంది. ఒక్కరి ఓటు తెలియదు గానీ, ఊరి ఓటు తెలిసిపోతుంది. "మనూరు మాట తప్పింది" అన్న నింద రాకూడదని ఇరుగుపొరుగు ఒకరినొకరు కాచుకుంటారు.

మనస్తత్వవేత్త రాబర్ట్ సియాల్డీని 1984లో ఇచ్చిపుచ్చుకోవడాన్నీ, మాటకు కట్టుబడటాన్నీ ఒప్పించే విద్యలో రెండు వేర్వేరు సూత్రాలుగా చూపించాడు. మన పళ్ళెంలో ఆ రెండూ ఒకే నిమిషంలో ఒకే చేతికి తగులుతాయి. ప్రమాణం అన్న మాటకు తెలుగులో ఒట్టు అనీ అర్థం ఉంది, రుజువు అనీ అర్థం ఉంది. రహస్య ఓటులో రుజువు దొరకని చోట, ఒట్టే రుజువు పని చేస్తోంది.

నాయకుడి ఒట్టు, ఓటరు ఒట్టు

ఒట్టు నాయకులూ వేస్తారు. సత్యప్రమాణాలకు పేరున్న కాణిపాకం వినాయకుడి గుడికి రమ్మని ఒకరినొకరు సవాలు చేసుకోవడం మన రాజకీయాల్లో పాత అలవాటు. 2022 అక్టోబరులో బండి సంజయ్ యాదగిరిగుట్టలో ప్రమాణం చేశారు. 2023 ఏప్రిల్‌లో రేవంత్ రెడ్డి చార్మినార్ దగ్గరి భాగ్యలక్ష్మి గుడిలో ప్రమాణం చేశారు. 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో ముఖ్యమంత్రి హోదాలో ఆయనే ఆగస్టు 15లోగా రైతు రుణమాఫీ చేస్తామని ఊరూరా దేవుళ్ళ మీద ఒట్టు వేశారు. వాటి నిజానిజాల జోలికి ఈ వ్యాసం పోదు. ఒట్టుకూ ఒట్టుకూ ఉన్న తేడానే మనకు కావాలి. నాయకుడు కెమెరాల ముందు, పదిమందిలో, తానే కోరి ఒట్టు వేస్తాడు. తప్పితే అడగడానికి ప్రత్యర్థులున్నారు, పత్రికలున్నాయి, మళ్ళీ ఎన్నికలున్నాయి. ఓటరు చేత రాత్రిపూట, తలుపు చాటున, అడిగి మరీ వేయిస్తారు. తప్పితే ఆమెను అడిగేది ఆమె భయమే. నాయకుడి ఒట్టు ప్రచారం, ఓటరు ఒట్టు సంకెల.

చట్టానికి ముందే తెలుసు

విచిత్రం ఏమిటంటే, పరిశోధకులు పట్టించుకోని ఈ సంగతి చట్టానికి నూరేళ్ళ కిందటే తెలుసు. 1920లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 171సి సెక్షను, ఓటరుకు దైవాగ్రహం కలుగుతుందని నమ్మించడాన్ని అనుచిత ప్రభావంగా లెక్కించింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షనులోని రెండో క్లాజు దాన్ని ఎన్నికల అక్రమాల జాబితాలో చేర్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 171వ సెక్షనుగా కొనసాగుతోంది. నామ్‌ధారీ సిక్కుల గురువు ఆదేశం ఓటర్ల మీద ఎలా పనిచేసిందో రామ్ దయాళ్ కేసులో 1959లో సుప్రీంకోర్టు ఈ కోణం నుంచే చూసి, దాన్ని అనుచిత ప్రభావమని తేల్చింది. చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి ఒప్పందాల చట్టం 23వ సెక్షను చెబుతోంది.

డబ్బు పట్టుకుంటే కేసు పెడుతున్నాం. పసుపు పళ్ళెం పట్టుకున్నవాడి మీద కేసు పెట్టాలన్న ఊహ కూడా మనకు రావడం లేదు. ఓటరును మోసగిస్తున్నది ఏదో మనం తప్పుగా గుర్తించినందుకు ఇది ఫలితం.

కర్ణపర్వం సాక్ష్యం

చట్టం చెల్లదన్నంత మాత్రాన పెద్దమ్మ మనసులో ఒట్టు చెదరదు. దానికి ఆమె నమ్మే చోటి నుంచే జవాబు రావాలి. ఆ జవాబు తిక్కన తెలుగు చేసిన కర్ణపర్వంలో ఉంది. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరానికి వచ్చిన ధర్మరాజు, కర్ణుడు ఇంకా చావలేదని తెలిసి, గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమని అర్జునుణ్ణి నిందిస్తాడు. అలా అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒక ఒట్టు ఉంది. అది రహస్యంగా పట్టిన వ్రతం. అన్న మీద కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడతాడు. నిజమే చెబుతానని వ్రతం పట్టిన కౌశికుడు, దొంగలు అడిగితే పారిపోయినవాళ్ళ జాడ చెప్పి, వాళ్ళ చావుకు కారణమై నరకానికి పోయిన కథ చెబుతాడు. చివరికి అన్నగారిని "నువ్వు" అని తూలనాడితే చంపినంతటిదే అని దారి చూపిస్తాడు.

ఈ ఘట్టాన్ని ధర్మసూక్ష్మం అని తేలిగ్గా దాటవేస్తుంటాం. దీని బలం వేరు. ఒట్టు వేసిన మనిషి అబద్ధాలకోరు కాడు, అర్జునుడు. ఒట్టు రహస్యం, ఓటరు ఒట్టులాగే. దాన్ని నిలబెట్టుకుంటే పోయేది మరొకరి ప్రాణం. అప్పుడు ఒట్టు తప్పించమని చెబుతున్నది సాక్షాత్తు కృష్ణుడు. అన్యాయానికి వాడే ఒట్టు ఒట్టే కాదని ఇంతకన్నా గట్టిగా చెప్పిన చోటు మన సాహిత్యంలో ఇంకొకటి లేదు. మన పల్లె భాష కూడా ఈ తీర్పునే ఇచ్చింది. "ఒట్టు తీసి గట్టున పెట్టు" అన్న నానుడి అందుకే పుట్టింది. వద్దనుకున్న ఒట్టును తలమీద మోయనక్కర్లేదు, దించి పక్కన పెట్టవచ్చు అని తెలుగువాళ్ళు ఎన్నడో తేల్చుకున్నారు. శుక్రాచార్యుడు వారించినా మాట తప్పని బలిని మన భాగవతం మెచ్చుకున్నమాట నిజమే గానీ, బలిని ఎవరూ చీకట్లో పసుపు ముట్టించి అడగలేదు.

విరుగుడు

"డబ్బు తీసుకోండి, ఓటు మీ ఇష్టం వచ్చినవారికి వేయండి" అని ప్రతి ఎన్నికలోనూ పెద్దలు చెబుతుంటారు. ఒట్టు ఊసే లేని ఈ సలహా పెద్దమ్మను ఒంటరిని చేసి వదిలేస్తుంది. ఆమె భయం ఇంట్లో పుట్టింది. అది ఊళ్ళోనే పోవాలి.

ఇందుకు మన దగ్గర పెద్ద నిదర్శనమే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్న ఆడవాళ్ళు సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. అంతకుముందు ప్రతి ఇల్లాలూ సారాను తన ఇంటి ఖర్మగా మోసింది. పదిమంది ఒకచోట చదువుకుంటూ మాట్లాడుకున్నాక అది ఊరి సమస్య అయింది. విడివిడిగా వేసే కట్టు ఏదైనా కలివిడిగా విప్పితే ఊడిపోతుందని దూబగుంట రుజువు చేసింది. ఎన్నికల ఒట్టుకూ ఇదే వర్తిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో 2013 ఎన్నికల మీద పరిశోధకుడు హికెన్ బృందం జరిపిన క్షేత్రప్రయోగంలో, డబ్బు తీసుకున్నా అంతరాత్మ ప్రకారమే ఓటు వేస్తామని మాట ఇప్పించడం అంతగా పనిచేయలేదని తేలింది గానీ, అక్కడ మాట ఇచ్చింది ఒక్కొక్క ఓటరు, ఊరు కాదు.

కాబట్టి చేయదగిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. పోలింగ్‌కు ముందే ఊరి గుడి పూజారి, మసీదు ఇమాం, చర్చి పాస్టర్ ఒకే మాట బహిరంగంగా చెప్పాలి: ఓటు కోసం ఎవరైనా వేయించిన ఒట్టు చెల్లదు, దాన్ని తప్పితే ఏ కీడూ రాదు. పొదుపు సంఘాల సమావేశాల్లో కర్ణపర్వం కథ చెప్పాలి. పిల్లలకు పాఠంలో ఈ నాలుగు మెట్లూ నేర్పాలి: వరస కలిపి వచ్చాడా, వాయనం ఇచ్చాడా, ఒట్టు అడిగాడా, ఊరి పరువు గుర్తు చేశాడా? నాలుగోదానికి ఇంకో మందు కూడా ఉంది. కాగితపు బ్యాలెట్ల కాలంలో ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 59ఎ కింద, అవసరమైన చోట బూత్‌ల ఓట్లను కలిపేసి లెక్కించేవారు. యంత్రాలకు అదే పని చేసే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ 255వ నివేదిక సమర్థించింది. నేటికీ అది అమలు కాలేదు.

ఆ పెద్దమ్మను నేను మళ్ళీ కలిశాను. కర్ణపర్వం కథ చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గిది ముందుగాల ఎవరూ చెప్పలేదేంది బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమెను అమ్ముడుపోయిందని రాసిన మనందరికీ. వచ్చే ఎన్నికకు ముందే, మనలో చదువుకున్న ప్రతి ఒక్కరూ తమ సొంత ఊరికి వెళ్ళి ఒక్క అరుగు మీద కూర్చుని ఆ కథ చెప్పాలని నా విన్నపం.